అంకె పక్కన మాట

సిస్టరమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఖమ్మంలో కాలేజీ ల్యాబులో ఉన్నాను. డిగ్రీ పిల్లలకు డేటాబేస్ పాఠం నడుస్తోంది. ఫోన్ చేసింది రజిత. పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఒక చిన్న చర్చి ఆసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటరు.

"అక్కా, సిస్టరమ్మ లేదక్కా," అంది.

ఎప్పుడని అడిగాను.

"ఆరూ పదికి." ఒక్క క్షణం ఆగి, "పొద్దున ఆరూ పదికి," అని సరిచేసింది.

ఆ సరిచేయడం విన్నాకే నాకు ఏడుపొచ్చింది. ఆమె దగ్గర పనిచేసిన వాళ్లెవరూ ఉత్త అంకె చెప్పి ఊరుకోలేరు. ఇంత దుఃఖంలోనూ రజిత ఊరుకోలేకపోయింది. పాఠం అంతటితో ఆపి, పిల్లలను పంపించేశాను.

సిస్టరమ్మ అని అందరూ పిలిచేవాళ్లు గాని ఆమె కన్యాస్త్రీ కాదు, నర్సు. కొత్తగూడెం వైపు బొగ్గు గని కాలనీలో పుట్టి పెరిగిందనీ, ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిందనీ మాత్రం తెలుసు. అంతకన్నా నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. రిటైరయ్యే వయసు దాటినా పిల్లల వార్డునూ, మంగళవారాల్లో పిల్లల బరువులు తూచే పనినీ వదల్లేదు. పొట్టి మనిషి. కుడి మోకాలు సరిగా వంగదు. అందుకని మెట్ల మీద ప్రతి మెట్టుకూ ఒకసారి ఆగి, ఆ మెట్టుతో ఏదో మాట్లాడి ముందుకు పోతున్నట్టుండేది. జేబులో కాయితం ఉన్నా ఎడమ ముంజేతి మీదే రాసుకునేది. సాయంత్రమయ్యేసరికి ఆ చెయ్యి నీలం సిరాతో నిండిపోయేది. తొమ్మిదీ పాయింట్ నాలుగు కేజీలు. నూటొక్క ఫారన్‌హీట్. ఐదు మిల్లీలీటర్లు. అన్నీ రిజిస్టర్లోకి ఎక్కాయని చూసుకుని గాని చెరిపేది కాదు.

నేను ఆ ఆసుపత్రికి ఆరు నెలల ఒప్పందం మీద వెళ్లాను. కాయితం రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని. చదువు అయిపోయి రెండేళ్లయింది. ప్రోగ్రాములు రాయడం నాకు వచ్చునని నాకు గట్టి నమ్మకం. మొదటి వారం పూర్తయ్యేసరికి టేబుళ్లు తయారుచేసి, పిల్లల వార్డులో సిస్టరమ్మ ముందు ల్యాప్‌టాప్ తెరిచాను. ఆమె కళ్లజోడు ముక్కు మీదకు జార్చి, తెర మీద వేలు పెట్టింది.

"ఇదేంది?"

"బరువు, సిస్టరమ్మా."

"పన్నెండు అని ఉన్నది."

"అవునండి."

"పన్నెండు ఏంది బిడ్డా? జామకాయలా?"

పక్కన ఉన్న నర్సులు నవ్వారు. నేనూ నవ్వాను. "పైన హెడింగులో కేజీలు అని ఉంది చూడండి," అన్నాను.

"హెడింగు పైన్నే కూసుంటది. అంకె ఊరంత తిరుగుతది. రేపు ఇదే పన్నెండు ఇంకో కాయితం మీదికి పోతది, ఇంకో మిషన్‌లకు పోతది. అప్పుడు నీ హెడింగు దాని ఎంట పోతదా?"

"పోదు. కానీ మనకు తెలుసు కదా, బరువంటే కేజీలే అని."

"మనకు అంటే ఎవలకు?"

పెద్దావిడ చాదస్తం అనుకున్నాను. నేను పెట్టిన కాలమ్ దశాంశ సంఖ్య. అంకెలు ఐదు దాకా, చుక్క తర్వాత రెండు. ప్రపంచమంతా అట్లాగే పెడుతుంది. మిషన్‌కు అది అంకె, అంతే. బరువును తీసుకెళ్లి వయసుతో కూడమన్నా కూడుతుంది. జ్వరంలోంచి ఎత్తును తీసేయమన్నా తీసేస్తుంది. తప్పని ఒక్క మాట అనదు. ఆ సంగతి నాకు చదువులోనే తెలుసు. కానీ అది ఒక మనిషికి తగిలే సంగతి అని అప్పటికి తెలియదు.

ఆమె చాదస్తానికి నేను దాచుకున్న ఇంకో సాక్ష్యం చెంచాల డబ్బా. ఆమె సొరుగులో ఒక బిస్కెట్ డబ్బా ఉండేది, నిండా చెంచాలు. స్టీలువి, సత్తువి, ప్లాస్టిక్‌వి, ఒకటి కొబ్బరి చిప్పతో చేసింది. ఇంటి దగ్గర పిల్లకు మందు ఎంత పోస్తున్నావని తల్లిని అడిగితే 'ఒక చెంచా' అంటుంది. ఆ చెంచా తెమ్మనేది సిస్టరమ్మ. మరుసటి వారం అది తెస్తే, గీతలున్న మందు మూత ఒకటి ఇచ్చి, చెంచా తన దగ్గర పెట్టుకునేది. దానిలో నీళ్లు పోసి కొలిచి, కాడకు తెల్ల టేపు చుట్టి ఎన్ని మిల్లీలీటర్లో రాసేది. కొత్తగా చేరిన నర్సు ఎవరైనా సరే, మొదటి రోజు ఆ డబ్బా బల్ల మీద గుమ్మరించాల్సిందే.

"గిది మూడు మిల్లీలీటర్లు. గిది ఎనిమిది. రెండూ చెంచాలే గదా. ఇగ చెప్పు, ఒక చెంచా పొయ్యిమని చెప్తే ఏ బిడ్డకు ఎంత పోసినట్టు?"

కొత్త పిల్ల బిత్తరపోయి చూసేది. సిస్టరమ్మ ఎప్పుడూ ఆ జవాబు తను చెప్పలేదు. చెంచాలు మళ్లీ డబ్బాలో వేసి, మూత పెట్టి, వార్డులోకి నడిచేది.

నేను చేరిన రెండో నెలలో ఆమెకు కంటి ఆపరేషన్ పడింది. ఖమ్మంలో చేయించుకుని, నెలన్నర చెల్లెలి ఇంట్లో ఉంది. వెళ్లేముందు నన్ను పిలిచి, "నేనొచ్చినంక ఎక్కిద్దువు, ఊర్ల రిజిస్టర్లు ముట్టకు," అంది. కానీ ఆఫీసు చూసే సారుకు తొందర ఎక్కువ. ఆసుపత్రికి సాయం చేసే దాతలకు పిల్లల పోషణ మీద రిపోర్టు పంపాలి. పిల్లల బరువులు తూచే ఊళ్ల సెంటర్ల నుంచి రిజిస్టర్లు తెప్పించి మా ముందు పెట్టారు. రజితా నేనూ రోజంతా కూర్చుని ఎక్కించాం. ఆ రిజిస్టర్లలో బరువు దగ్గర ఉత్త అంకెలే ఉన్నాయి. "కేజీలు అనుకో," అని రజితకు నేనే చెప్పాను. పక్కన ఏమీ లేకపోతే కేజీ అని ప్రోగ్రాంలోనే రాసిపెట్టాను.

రిపోర్టు రంగులతో వచ్చింది. బాగున్న పిల్లలు పచ్చ, తగ్గిన వాళ్లు పసుపు, ప్రమాదంలో ఉన్నవాళ్లు ఎరుపు. ప్రతి బిడ్డకూ అదే రంగులో ఒక కార్డు ప్రింటు తీసి, ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకు ఇచ్చాం. వాళ్లు ఇంటింటికీ పంచారు. ఎటు చూసినా పచ్చ. సారు సంతోషంతో మాకు సమోసాలు తెప్పించారు.

సిస్టరమ్మ నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చింది. వచ్చిన రోజే రిపోర్టు అడిగింది. కిటికీ దగ్గర స్టూలు వేసుకుని, ఒక్కో కాయితం కళ్ల దగ్గరగా పెట్టుకుని, ఒక గంటసేపు చూసింది. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ అక్కడే నిలబడ్డాను.

"అడవి లోపటికి పోయినకొద్దీ పిల్లలు బలుస్తున్నరా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"గిటు సూడు. రోడ్డు పక్కన ఊర్ల రెండేండ్ల పిల్ల పది. వాగవతల రెండేండ్ల పిల్ల పంతొమ్మిది. వాగవతల నేను ఎన్నిసార్లు పోయిన! రెండు పూటల అన్నం వండే ఇండ్లు తక్కువ. గీ పంతొమ్మిది ఎక్కడికెళ్లి వచ్చింది?"

లేచి నా చెయ్యి పట్టుకుని స్టోరు గదికి తీసుకుపోయింది. గోడకు ఒక పాత వేలాడే కాటా ఉంది. గడియారం ముఖంలా గుండ్రటి పళ్లెం, మధ్యలో ముల్లు, కింద పిల్లను కూర్చోబెట్టే సంచి తగిలించే కొక్కెం. ఎప్పుడో విదేశాల నుంచి పెట్టెల్లో వచ్చిన సాయంలో అట్లాంటివి కొన్ని వచ్చాయట. ఇది పాడైతే పక్కన పెట్టారు. ఇంకా రెండు సెంటర్లలో నడుస్తున్నాయి.

"ముల్లు కింద ఏం రాసి ఉన్నదో చదువు."

రంగు పోయిన చిన్న అక్షరాలు. దగ్గరికి వెళ్లి చూశాను. పౌండ్లు.

పౌండు అంటే అర కేజీ కన్నా తక్కువ. పంతొమ్మిది పౌండ్లంటే ఎనిమిదిన్నర కేజీలు. ఇన్నేళ్లూ ఏ రిజిస్టరు ఏ ఊరి నుంచి వచ్చిందో చూసి, ఆ రెండు సెంటర్లవయితే సిస్టరమ్మ మనసులోనే లెక్క కట్టి కేజీల్లోకి మార్చుకునేది. పౌండ్లు అన్న మాట రిజిస్టర్లో లేదు, ఆమె తలలో ఉంది. మేం రిజిస్టరు మాత్రమే ఎక్కించాం.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఎంతమందికి పచ్చకార్డు ఇచ్చినం?" అని మాత్రం అడిగింది. ఇచ్చినవ్ అనలేదు. ఇచ్చినం అంది.

ఆ సాయంత్రం సారు గదిలో ముగ్గురం కూర్చున్నాం. సారు చెడ్డ మనిషి కాదు. చెమట తుడుచుకుంటూ, "ఆ రెండు సెంటర్లవీ రెండు పాయింట్ రెండుతో భాగించేయండమ్మా, అయిపోతది గదా," అన్నారు.

"ఈ నడుమ ఒక సెంటర్ల కొత్త కాటా వచ్చింది సార్. కేజీలది," అంది సిస్టరమ్మ. "పాతది పడెయ్యలే. ఒక నెల ఇది, ఒక నెల అది, ఏది చేతికి దొరికితే దానితోని తూచిండ్రు. ఇప్పుడన్నీ భాగిస్తే కేజీలల్ల తూచిన పిల్లలు ఉత్తగనే సగమైతరు. భాగించకపోతే పౌండ్ల పిల్లలు ఉత్తగనే లావైతరు."

"మరి ఏదో ఒకటి రాయండి. ఖాళీగా పంపితే ఏం బాగుంటది?"

"తెల్వంది తెల్వదనే రాస్తం సార్. గట్ల కాకుంటే నేను సంతకం పెట్ట."

పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకుంది. సారు దాతలకు ఫోన్ చేసి గడువు అడిగారు.

కచ్చితంగా పౌండ్లని తేలిన పిల్లలందరినీ ఆ వారంలోనే జీపు పెట్టి పిలిపించారు. కొందరు వార్డులో చేరారు. నేను నా టేబుళ్లు విప్పి మళ్లీ మొదటి నుంచి కట్టాను. ఈసారి బరువు ఉత్త అంకె కాదు. అంకె, దాని పక్కన యూనిట్, రెండూ కలిపి ఒకే వస్తువు. ఒకటి లేకుండా రెండోది లోపలికి పోదు. కేజీలతో పౌండ్లు కూడమంటే మిషన్ కుదరదంటుంది, ముందు మార్చమంటుంది. ఏ కాటా మీద తూచారో దానికో నంబరు. ఏమీ రాయకపోతే కేజీ అనుకునే వాక్యాన్ని పూర్తిగా తీసేశాను. పౌండ్లలో వచ్చినవి కేజీల్లోకి మార్చి, పాత అంకెలు తుడిచేద్దామనుకున్నాను. సిస్టరమ్మ ఒప్పుకోలేదు.

"మేం రిజిస్టర్ల తప్పు రాస్తే ఏం చేస్తం? ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెడ్తం. కింద అంకె కనబడాలె. రబ్బరుతోని చెరిపితే ఎవలు, ఎందుకు మార్చిండ్రో రేపు ఎవలకు తెలుస్తది?"

అందుకని కాటా మీద చూసిన అంకె చూసినట్టే ఉంచి, మార్చిన అంకెను దాని పక్కన వేరుగా పెట్టాను. ఇవాళ నా విద్యార్థులకు నేను చెప్పే పాఠాల్లో సగం ఆ పది రోజుల్లో ఆమె దగ్గర నేర్చుకున్నవే. డేటాబేస్ అన్న మాట ఆమె ఒక్కసారి కూడా పలకలేదు.

తప్పు చేసినవాడికి వచ్చే అతి జాగ్రత్త నాకూ వచ్చింది. ఫలానా వయసు పిల్లలకు ఇంతకన్నా తక్కువ బరువు ఉండదని హద్దులు పెట్టి, అవి దాటితే తీసుకోవద్దని మిషన్‌కు చెప్పాను. మళ్లీ అట్లాంటి పొరపాటు రాకూడదని. ఒక మంగళవారం వార్డులో గొడవ వినబడి పరుగెత్తాను. సిస్టరమ్మ రజిత ముందు నిలబడి ఉంది. ఏడాదిన్నర పాప, ఐదు కేజీల ఎనిమిది వందల గ్రాములు. మూడుసార్లు తూచారు. అదే నిజం. మిషన్ తీసుకోవడం లేదు. ఎర్రగా తప్పు తప్పు అని చూపిస్తోంది. బయట వరుస పెరిగిపోతోందని రజిత ఏడున్నర అని కొట్టింది. మిషన్ హాయిగా తీసుకుంది.

ఆమెకు అంత కోపం రావడం నేను ఒక్కసారే చూశాను. అది రజిత మీద కాదు.

"గీ బిడ్డ లేదనుటానికి దానికి హక్కు ఎవలిచ్చిండ్రు?" అని నన్నడిగింది. "మందల బక్కగున్న బిడ్డనే గదా మనం దేవులాడేది! గా బిడ్డ వచ్చి తలుపు కొడితే, నువ్వు ఉండవు పొమ్మంటదా?"

"తప్పులు పడకుండా పెట్టాను సిస్టరమ్మా..."

"అడగమను. మళ్ల తూచుండ్రి అని అడగమను, ఒకసారి కాదు రెండుసార్లు అడగమను. అడిగినంక చెప్పింది రాసుకోమను. యూనిట్ లేకుంటే తీసుకోకు, గది మన తప్పు. బరువు లేకుంటే గది బిడ్డ తప్పా?"

ఆ మధ్యాహ్నం అన్నం తినకుండా దాన్ని మార్చాను. మార్చాక ఆమే నా బల్ల మీద టిఫిన్ గిన్నె పెట్టి వెళ్లింది.

ఇక మిగిలింది ఆ రెండు కాటాల సెంటరు పిల్లలు, కేజీలో పౌండ్లో తేలనివాళ్లు. పిలిస్తే కొందరు వచ్చారు. రానివాళ్ల పేర్లు రెండు కాయితాలకు వచ్చాయి. నా ఒప్పందం అప్పటికి ముగిసింది. జీపు రోజూ ఇవ్వడం కుదరదన్నారు సారు. సిస్టరమ్మ ఆ కాయితాలు మడిచి బైబిలు సంచిలో పెట్టుకుంది. ఆదివారం ఆరాధన పది గంటలకు అయిపోతే, చర్చి చీర మీదనే కాన్వాసు బూట్లు వేసుకుని, కొత్త కాటా భుజాన తగిలించుకుని బయల్దేరేది. ఆటో పోయినంత దూరం ఆటో, తర్వాత నడక. ఆ మోకాలితో. నేను ఖమ్మంలో మా ఇంటి నుంచి మొదటి బస్సుకు వచ్చేదాన్ని. నువ్వు రావాలని ఆమె ఎప్పుడూ అనలేదు. రాకపోతే నాకు ఆ వారమంతా నిద్ర పట్టేది కాదు.

ముత్తమ్మ అనే ఆరోగ్య కార్యకర్త మాతో వచ్చేది. ఆ పక్క ఊరి కోయ మనిషి. తల్లులతో వాళ్ల భాషలో మాట్లాడి మాకు తెలుగులో చెప్పేది. చాలా ఇళ్లలో పిల్లలు బాగానే ఉన్నారు. మేం వెళ్తే కాటా సంచిలో ఊగుతూ నవ్వేవాళ్లు. ఒక్కో పేరు పక్కన కేజీలని రాసి టిక్కు పెడుతుంటే నా గుండె కొద్దికొద్దిగా తేలికయ్యేది.

మిరప ఏరే రోజుల్లో ఒక ఇంటికి వెళ్లాం. తల్లి కూలికి పోవడానికి తలకు గుడ్డ చుట్టుకుంటోంది. గోడ నీడలో రెండేళ్ల పిల్లాడు కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు, భయపడలేదు. కంటి దగ్గర ఈగ వాలితే తోలుకోలేదు. రిజిస్టర్లో వాడి అంకె పదిహేను.

సిస్టరమ్మ వాణ్ని చూసింది. "కాటా తగిలియ్యి," అంది నాతో.

దూలానికి కాటా కట్టి, వాణ్ని సంచిలో కూర్చోబెట్టాం. ముల్లు ఆగేదాకా ఆగి, ఎప్పట్లాగే ముందు నన్ను చూడమంది, తర్వాత తను చూసింది. ఇద్దరం విడివిడిగా చెప్పాలి. ఆరు కేజీల తొమ్మిది వందల గ్రాములు. ఇద్దరిదీ అదే. అంటే రిజిస్టర్లో ఉన్న పదిహేను, పౌండ్లే.

ఆసుపత్రికి తీసుకుపోవాలని ముత్తమ్మ చెప్పింది. తల్లి లోపలికి పోయి, చూరులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పచ్చకార్డు. మడత నలగకుండా దాచుకుంది. మాతో తెలుగులోనే అంది.

"మీరే గదా బాగున్నడని ఇచ్చింది."

సిస్టరమ్మ నా తరఫున మాట్లాడలేదు. నా వైపు కూడా చూడలేదు. నేనే చెప్పాలి. "ఆ కార్డు తప్పమ్మా," అన్నాను. "తప్పు చేసింది నేను. కాటా ఒకటి చెప్తే నేను ఇంకోటి రాసిన." ముత్తమ్మ దాన్ని కోయలో చెప్పింది. తల్లి నన్ను చాలాసేపు చూసింది. తర్వాత ముత్తమ్మను ఏదో అడిగింది.

"ఇప్పుడు చెప్పేదన్న నిజమేనా అని అడుగుతున్నది," అంది ముత్తమ్మ.

కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏడుపు తర్వాత," అంది సిస్టరమ్మ మెల్లగా. "ఆమె మంచి మాట అడిగింది. సూపియ్యాలె." సంచిలోంచి విప్పని కేజీ ఉప్పు పాకెట్టు తీసి తల్లి చేతికిచ్చింది. తల్లి దాన్ని ఎత్తి చూసుకుంది. రేషన్ దుకాణంలో ఎన్నోసార్లు ఎత్తిన బరువే. సిస్టరమ్మ దాన్ని కాటాకు తగిలించింది. ముల్లు ఒకటి మీద ఆగింది. తీసి, మళ్లీ పిల్లాణ్ని పెట్టింది. ఆరు దాటి, ఏడుకు ఇవతల. తర్వాత పక్కింట్లో ఆడుకుంటున్న, అదే వయసు పిల్లను అడిగి తెచ్చి పెట్టింది. పదిన్నర.

తల్లి ముల్లు వంకే చూస్తూ నిలబడింది. తలగుడ్డ విప్పేసి, దానితోనే పిల్లాణ్ని నడుముకు కట్టుకుంది. రోడ్డు దాకా గంట నడక. సిస్టరమ్మ అందరికన్నా ముందు నడిచింది.

వాడు వార్డులో చాలా వారాలు ఉన్నాడు. మొదట కొన్ని రోజులు ఏమవుతుందో చెప్పలేమన్నారు. ఒక మధ్యాహ్నం రజిత ఫోన్ చేసింది. వెనక పిల్లాడి ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు మీదుగా సిస్టరమ్మ గొంతు వినబడింది. "అన్నం కోసం ఏడుస్తుండు! ఇన్నవా? ఆకలి తెలుస్తున్నది వానికి!" ఆమె అంత గట్టిగా నవ్వడం నేను అంతకు ముందు వినలేదు. వాడు తల్లి వేలు పట్టుకుని, నడిచి బస్సెక్కాడు.

కాయితంలో చివరి పేరు జోగమ్మ. వాగు అవతలి ఊరు. అక్కడి కార్యకర్త పని మానేసి వెళ్లిపోయాక ఆ ఊరి కబురే రాలేదు. మేం వెళ్లేసరికి ఎండలు ముదురుతున్నాయి. రిజిస్టర్లో అంకె పదకొండు. పదకొండు కేజీలైతే ఆ వయసుకు బొద్దుపిల్ల. పౌండ్లయితే ఐదు కేజీలు. దారి పొడవునా నేను ఈ రెండే లెక్కపెట్టుకుంటున్నాను.

ఇంట్లో తూచడానికి ఎవరూ లేరు. వానల్లో జ్వరం వచ్చిందనీ, వాగు పొంగి దాటలేకపోయామనీ, మూడో రోజు పోయిందనీ తల్లి చెప్పింది. కార్డు సంగతి ఆమె ఎత్తలేదు. నేను అడగలేకపోయాను. సిస్టరమ్మ ఆ మోకాలిని రెండు చేతులతో సర్దుకుంటూ, చాలా కష్టపడి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. ఎండ గడప దాటి లోపలికి వచ్చేదాకా అట్లాగే ఉన్నాం.

తిరిగి వాగు దాటుతుంటే నేను ఆగిపోయాను. "పౌండ్లు అని రాస్తాను," అన్నాను.

"నీకు ఎట్ల తెలుసు?"

"నాకు తెలుసు. నా మనసుకు తెలుస్తోంది."

"మనసుతోని తూచుతమా?" ఇసుకలో కర్రలా నిలబడి నన్ను చూసింది. ఆపరేషన్ అయిన కన్ను ఎండకు నీరు కారుతోంది. "కేజీలని రాస్తే నీ తప్పు కడుక్కున్నట్టు. పౌండ్లని రాస్తే నీకు నువ్వే శిక్ష ఏసుకున్నట్టు. రెండూ నీ గురించే. బిడ్డ గురించి రాయి."

"ఏం రాయను సిస్టరమ్మా?"

"పదకొండు. ఏంటివో తెల్వదు. జ్వరమని తల్లి చెప్పింది. గంతే మనకు తెలిసింది. గంతే రాయి."

అక్కడే, వాగు ఒడ్డున, ఆమె చెప్పినట్టే రాశాను. ఆమె కాయితం తీసుకుని, అక్షరాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసి, కింద సంతకం పెట్టింది. నన్నూ పెట్టమంది.

ఆ తర్వాత నేను కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. ఆమె మంగళవారాలు వదల్లేదు. ఏ ఊరి సెంటర్లోనూ పౌండ్ల కాటా అన్నది లేకుండా చేయించింది. ఆసుపత్రి ప్రోగ్రాంలో ఏ చిన్న మార్పు చేసినా ముందు నాకు ఫోన్ చేయించేది. చివరి ఏడాది ఆమె మాటలు తగ్గాయి గాని, నేను వెళ్తే చెయ్యి పట్టుకుని వార్డంతా తిప్పేది. ప్రతి మంచం దగ్గరా ఆగి ఆ బిడ్డ పేరు చెప్పేది.

ఆమె పోయిన నెల తర్వాత ఒక కుర్రాడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. ఆసుపత్రి కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారుతోందట. పాత రికార్డులు ఎక్కిస్తున్న కంపెనీలో పనిచేస్తున్నాడట. రజిత నా నంబరు ఇచ్చిందట. మర్యాదగా మాట్లాడుతున్నాడు.

"అన్నీ వచ్చేశాయి మేడమ్. ఒక్క రికార్డు మాత్రం ఆగుతోంది. బరువుకు యూనిట్ 'తెలియదు' అని ఉంది. మా సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు. కేజీలు అని పెట్టేస్తే మొత్తం క్లీన్ అయిపోతుంది."

"వద్దు," అన్నాను.

"ఒక్కటే కదా మేడమ్."

"ఒక్కటే. మీ సిస్టమ్‌లో 'తెలియదు' అన్నది పెట్టండి. దాని కోసం నేను ఎవరితో మాట్లాడాలో చెప్పండి, మాట్లాడతాను. అక్కడికి రమ్మన్నా వస్తాను."

అవతల కీబోర్డు చప్పుడు. రికార్డు తెరిచి చూస్తున్నట్టున్నాడు.

"జోగమ్మ..." అని చదివాడు. "పెద్దావిడా మేడమ్?"

"కాదు బాబూ. నానమ్మ పేరు పెట్టుకున్నారు. పద్నాలుగు నెలల పిల్ల."

కీబోర్డు చప్పుడు ఆగింది. ఫోన్ కట్ అయిందేమోనని తెర చూసుకున్నాను.

"సరే మేడమ్," అన్నాడు చివరికి. "'తెలియదు' అని నేనే పెట్టిస్తాను."

ఫోన్ పెట్టకుండా, అతను ఆ మాట టైపు చేసి చదివి వినిపించేదాకా ఆగాను.